సీసం రీసైక్లింగ్: ఆరోగ్యం, పర్యావరణం, ప్రజాభిప్రాయం

పాత లెడ్ యాసిడ్ బ్యాటరీలను పగలగొట్టి, వాటిలోని సీసాన్ని కరిగించి మళ్లీ లోహంగా తీయడమే సీసం రీసైక్లింగ్. ట్రాక్టర్లు, ఆటోలు, ఇన్వర్టర్లలో పాడైన బ్యాటరీలే దీనికి ముఖ్యమైన ముడిసరుకు. వరంగల్ జిల్లా నెక్కొండ వంటి వ్యవసాయ మండలాల నుంచి మహానగరాల దాకా ఇవి పాత సామాన్ల దుకాణాలకు చేరుతూనే ఉంటాయి.

ప్రభావాలు

బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. కొలిమి పొగను వడగట్టే ఏర్పాటు లేకపోతే సీసపు ధూళి పొలాల మీద, పశుగ్రాసం మీద, ఇళ్ల ముంగిళ్లలో పడుతుంది. పారబోసిన యాసిడ్ నేలలోకి ఇంకుతుంది. పడిన సీసం కుళ్లదు, కరిగిపోదు. పైమట్టిలోనే దశాబ్దాలు ఉండిపోతుంది.

కడుపులోకి వెళ్లిన సీసాన్ని పిల్లల శరీరం పెద్దల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా గ్రహిస్తుంది. తెలివితేటలు, చదువు, ప్రవర్తన దెబ్బతింటాయి. పెద్దల్లో రక్తపోటు, మూత్రపిండాల జబ్బులు వస్తాయి. ఎముకల్లో చేరిన సీసం గర్భిణుల రక్తంలోకి తిరిగి వచ్చి బిడ్డకూ అందుతుంది. హాని చేయని సీసం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థల 2020 నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి సీసం ఉంది.

ప్రజల ఆందోళన

సీసం రీసైక్లింగ్ పరిశ్రమ వస్తోందంటే ఊరివాళ్లు పడే భయాలకు ఆధారాలున్నాయి. సెనెగల్‌లోని థియారోయ్‌లో బ్యాటరీల సీసం వల్ల 2007 నవంబరు, 2008 మార్చి మధ్య 18 మంది పిల్లలు చనిపోయారు. కెన్యాలోని ఒవినో ఉహురు వాసులు సీసం కరిగించే స్మెల్టర్ కాలుష్యంపై కోర్టుకెక్కి 2020లో 130 కోట్ల షిల్లింగుల పరిహారానికి తీర్పు సాధించారు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో ఆసుపత్రుల పాలైనప్పుడు ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. అయితే తర్వాతి నివేదికలు పురుగుమందుల అవశేషాలను ప్రధాన కారణంగా చూపాయి.

ఉపాధి దొరుకుతుందని ఆశించే కుటుంబాలూ ఉంటాయి. అయితే కార్మికుడి బట్టలకు అంటిన ధూళి ఆ ఇంటి పిల్లలకే ముందు చేరుతుంది. కాబట్టి పనిచోట స్నానం, బట్టలు మార్చుకునే వసతి, క్రమం తప్పని రక్తపరీక్ష కార్మికుల హక్కులు కావాలి.

చట్టం

2001 నాటి నిబంధనల స్థానంలో వచ్చిన 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు పాత బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టాయి. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ అవసరమైన ప్రాజెక్టులకు కనీసం 30 రోజుల ముందే ప్రకటన ఇవ్వాలి. పరిశ్రమ రాకముందే మట్టి, బావినీరు, పిల్లల రక్తం పరీక్షించి నమోదు చేయాలని గ్రామస్థులు ఆ ప్రజాభిప్రాయ సేకరణలో పట్టుబట్టాలి. ఆ లెక్కలు లేకుంటే, రేపు సీసం పెరిగిందని నిరూపించే భారం నష్టపోయినవాళ్ల మీదే పడుతుంది.