పల్నాటి పాట ఎవరిది?

హార్డ్‌కోర్ పంక్ సంగీతానికీ పల్నాటికీ ఏమిటి సంబంధమని అడగబోతున్నారా? కాస్త ఓపిక పట్టండి. 1976లో కాలిఫోర్నియాలో పుట్టి పదేళ్లు నడిచిన బ్లాక్ ఫ్లాగ్ బృందంలో వరుసగా నలుగురు గాయకులు మారారు. మొదటినుంచి చివరిదాకా నిలిచినవాడు గిటారు వాయించే గ్రెగ్ గిన్ ఒక్కడే. నాలుగవ గాయకుడు హెన్రీ రోలిన్స్ 1981లో శ్రోతల గుంపులోనుంచి వేదికనెక్కి ఒక పాట పాడి, ఆ పిమ్మట బృందంలో చేరాడు. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరు ఎప్పుడు పోయారో అభిమానులకు కంఠస్థం. మన వీరగాథను ఆరు శతాబ్దాలుగా మోస్తున్న మేళాలకు అటువంటి పట్టిక లేదు.

క్రీడాభిరామం చూడండి. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీథులలో తిరుగుతూ పల్నాటి వీరుల కథాగానం వింటారు. తాళం ద్రుతం, ఛందస్సు ద్విపద. వాద్యపు మోత పద్యంలోనే వినబడుతుంది. అక్షరమక్షరానికీ కుర్రకారు కేకలువేస్తూ తూలిపోతున్నారు! పంక్ కచేరీలను వర్ణించేవారు ఇంతకంటె ఏం చెబుతారు? అన్నిటికంటె ముఖ్యం, అక్కడ పాడుతున్నది ఒక స్త్రీ. కవి ఆమెకు పేరివ్వలేదు. కావ్యం వినుకొండ వల్లభరాయనిదా, వేటూరి ప్రభాకరశాస్త్రి గారు వాదించినట్లు శ్రీనాథునిదా అని పండితులు కావలసినంత సిరా ఖర్చుచేశారు. వాదమంతా కవి చుట్టూనే తిరిగింది.

శ్రీనాథుని పేర ఉన్న పల్నాటి వీరచరిత్ర ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చువేశారు. అది మహోపకారం, కాదనను. అయితే అచ్చుపుస్తకానికి కర్త, పరిష్కర్త ఉంటారు. పాటకు ఉండేది గొంతులే. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున, కార్తిక అమావాస్యనాడు మొదలయ్యే వీరారాధనలో ఆ గొంతులు వినవచ్చు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు. పాడేవారు వీరవిద్యావంతులు. ప్రధాన గాయకుని చేత కత్తి, డాలు. పక్కన పంబజోడు, తిత్తి, వంత. మాలలలో ఈ విద్య నిలవడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. బ్రహ్మనాయుడు చాపకూట అందరినీ ఒక్క పంక్తిన కూర్చోబెట్టాడనీ, మాల కన్నమదాసును సేనానిని చేశాడనీ చెప్పే కథ అది. తమవాడు సేనాని అయిన కథను తామే పాడుకుంటున్నారు.

ఆ విద్యావంతులలో ఒకరి పేరు ప్రపంచానికి తెలిసింది. అలిసెట్టి గాలెయ్య పాడగా అమెరికన్ పరిశోధకుడు జీన్ రోగేర్ రికార్డు చేసుకుని, ఆంగ్లానువాదంతో 1982లో ఆక్స్‌ఫర్డ్‌నుంచి గ్రంథం వెలువరించాడు. గాయకుని పేరు అందులో ఉంది. ఇది మనవాళ్లు ముందే చేయవలసిన పని. కాగితంమీద నిలిచింది ఆ గొంతు, ఆ కాలం మాత్రమే. గాలెయ్యకు ముందు కథ చెప్పినవారు, ఆయన వెనుక వంత పాడినవారు, పంబ మోగించినవారు ఎందరో.

ఓరుగల్లు వీథిలో పాడిన ఆ స్త్రీ స్థానంలోకి మగవాళ్లు ఎప్పుడు వచ్చారు? ఆమెకు వంత ఎవరు పాడారు? కేకలు వేసిన కుర్రకారులో ఎవడైనా రోలిన్స్‌లాగా ముందుకొచ్చి, ఆ తరువాతి ఏడు తానే కథ ఎత్తుకున్నాడా?