జేబులో చీటీతో నుమాయిష్‌కి

మా ఇంట్లో దుప్పట్లు, ఊరగాయ జాడీలు ఏడాదికోసారే కొనేవారు. అదీ జనవరిలో, నాంపల్లి నుమాయిష్‌లో. బయల్దేరేముందు అమ్మ తమ్ముడి చొక్కా జేబులో పేరు, అడ్రసు రాసిన చీటీ పెట్టి పిన్నీసు గుచ్చేది.

స్థానిక సరుకులకు గిరాకీ తేవాలని ఉస్మానియా పట్టభద్రులు కొందరు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన సంతే ఈ నుమాయిష్. చోటు చాలక 1946లో నాంపల్లిలోని ఇప్పటి మైదానానికి మారింది. సీజన్‌లో ఒకరోజు ఆడవాళ్లకూ పిల్లలకూ మాత్రమే ప్రవేశం. మేం ఆ రోజే వెళ్లేవాళ్లం. నాన్న ఇంట్లో హాయిగా కునుకు తీసేవారు.

మాకు కావలసింది పిల్లల రైలు. అమ్మకేమో కశ్మీరీ దుకాణం. అక్కడ శాలువా ధర అడగడమే తప్ప కొనగా నేను చూడలేదు. "ముందు జాడీలు, తర్వాతే రైలు" అనేది. ఒళ్లో జాడీ పెట్టుకుని రైల్లో కూర్చుంటే సరదా ఏముంటుంది, అది పగలకుండా చూసుకోవడమే సరిపోయేది!

ఒకసారి మైకులో తప్పిపోయిన పిల్లాడి పేరు చదివారు. మా తమ్ముడే. చీటీ పనిచేసింది. దొరికాక వాడికి ముందు వీపు మీద ఒకటి, ఆ వెంటనే చేతిలో మిర్చిబజ్జీ. తప్పిపోయింది మేమేనని వాడు ఇప్పటికీ వాదిస్తాడు.