పాత టేప్ ఎకో యంత్రం: కొనేముందు చూడవలసినవి, కొన్నాక చేయవలసినవి

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలప్పుడు సిరొంచ ఘాట్‌లో ఎంత జనం ఉన్నారో అందరం చూశాం. ఈసారి మన భజన మండళ్ళు ముందుగానే మైక్‌సెట్ సంగతి ఎత్తుకున్నాయి. మండళ్ళలోని కుర్రాళ్ళు కొందరు డిజిటల్ వద్దు, పాత టేప్ ఎకో కొందాం, గొంతు నిండుగా వస్తుంది అంటున్నారు. ఇంకోవైపు, ఒకప్పుడు పెళ్ళిళ్ళకు ఆర్కెస్ట్రా, మైక్‌సెట్ నడిపిన ఇళ్ళలో అటక మీది పెట్టెలు అవేమిటో చూడకుండానే పాత ఇనుము కింద కిలోల లెక్కన పోతున్నాయి. తెలియక కొన్నా నష్టమే, తెలియక అమ్మినా నష్టమే. పైగా కొనేది చందా డబ్బుతో. అందుకని విషయం ఒకచోట రాసి పెడుతున్నాం.

ముందు అది పనిచేసే తీరు. పెట్టె లోపల రెండు కొసలూ అతికించిన ఒక టేప్ చుట్టు తిరుగుతూ ఉంటుంది. మైకులో పలికిన మాటను రికార్డు హెడ్ దాని మీద రాస్తుంది. కొంచెం అవతల ఉన్న ప్లే హెడ్ దాన్ని చదువుతుంది. ఈ రెంటి మధ్య దూరమే ఎకో. టేప్ సెకనుకు 19 సెంటీమీటర్లు పోతూ, హెడ్ల మధ్య 3.8 సెంటీమీటర్లు ఉంటే మాట సెకనులో అయిదో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. చదివిన దాన్నే మళ్ళీ రికార్డు హెడ్‌కు పంపితే మాట రెండుసార్లు, మూడుసార్లు తగ్గుతూ వస్తుంది. చుట్టు తిరిగి మొదటికి వచ్చేసరికి ఎరేజ్ హెడ్ పాత మాటను తుడిచేస్తుంది. ప్రతి తిరుగుడులోనూ శబ్దం పదును కాస్త తగ్గి మెత్తబడుతుంది. కుర్రాళ్ళు నిండుదనం అంటున్నది దాన్నే. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు.

ఎక్కువ పేరున్నది జపాన్ రోలాండ్ కంపెనీవారి స్పేస్ ఎకో ఆర్‌ఈ-201. 1974లో వచ్చింది. దానికి మూడు ప్లే హెడ్లు, రెండు మైకులకు దారులు, స్ప్రింగుతో పనిచేసే రివర్బ్ ఉంటాయి. ఆర్‌ఈ-101లో రివర్బ్ లేదు; తర్వాత వచ్చిన ఆర్‌ఈ-301, ఆర్‌ఈ-501లలో కోరస్ కూడా చేర్చారు. ఇంగ్లండులో వాట్కిన్స్ కాపీక్యాట్ 1958 నాటిది. అమెరికా ఎకోప్లెక్స్‌లో హెడ్‌ను జరిపి ఆలస్యం మారుస్తారు, రోలాండ్‌లో మోటారు వేగం మారుస్తారు. ఇటలీ బిన్సన్ ఎకోరెక్‌లో టేపే ఉండదు, అయస్కాంతపు చక్రం తిరుగుతుంది. అటక మీద పెట్టె దొరికితే ముందు ఈ పేర్లలో ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే పాత సామాన్లవాడికి ఇవ్వకండి, ఆన్ కూడా చేయకండి. ఏళ్ళ తరబడి పడి ఉన్న యంత్రానికి ఒక్కసారిగా కరెంటు ఇస్తే లోపల ఎండిపోయిన కెపాసిటర్లు పేలవచ్చు. ముందు మెకానిక్ చూడాలి.

కొనేటప్పుడు మొదట పెట్టె వెనక్కి తిప్పి వోల్టేజి చదవండి. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. జపాన్‌లో అమ్మినది 100 వోల్టులది, అమెరికాలో అమ్మినది 117 వోల్టులది. నేరుగా మన ప్లగ్గులో పెడితే అంతటితో సరి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి, దాని ధర కూడా లెక్కలో వేసుకోవాలి. ఏసీ మోటారు ఉన్న అమెరికా యంత్రాలకు ఇంకో చిక్కుంది. 60 హెర్ట్జ్‌కు తయారైనది మన 50 మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని సరిచేయదు. ఆర్‌ఈ-201లో డీసీ మోటారు కాబట్టి ఆ బాధ లేదు. ఇంగ్లండు యంత్రం మన కరెంటుకు దగ్గరగా సరిపోతుంది. రెండు పిన్నుల ప్లగ్గుతో, ఇనుప పెట్టెతో వచ్చిన దానికి ఎర్త్ వేయించకుండా మైకు మూతి దగ్గర పెట్టుకోవద్దు. తడి కాళ్ళతో పాడేవాళ్ళం మనం.

తర్వాత మూత తీయించి చూడాలి. మూత తీయనివ్వని అమ్మకందారు దగ్గర బేరమే ఆడకండి. హెడ్ ముఖం నున్నగా మెరవాలి. గోరు పెట్టి నెమ్మదిగా జరిపితే గాడిలా తగిలిందంటే అరిగిపోయింది. హెడ్ మార్చడం ఖరీదైన పని. టేప్‌ను క్యాప్‌స్టన్‌కు నొక్కే రబ్బరు రోలర్ గట్టిపడి మెరుస్తున్నా, జిగటగా ఉన్నా మార్చాల్సిందే.

ఇక చెవితో పరీక్ష. మైకులో ఒక్క మాట అని ఆగండి. తిరిగి వచ్చే మాట ఊగుతూ వస్తే రోలరో టేపో పాడైనట్టు. మందంగా, దూరం నుంచి వచ్చినట్టుంటే హెడ్ మురికిగానో అరిగిగానో ఉంది. ఎకో అణిగిపోయాక, చుట్టు మొత్తం తిరిగి వచ్చి పాత మాట మళ్ళీ వినిపిస్తే ఎరేజ్ హెడ్ పనిచేయడం లేదు. ఆర్‌ఈ-201 అయితే మోడ్ 1, 2, 3లలో ఒక్కో హెడ్ విడిగా వినవచ్చు, మూడూ వినండి. ఇంటెన్సిటీ పూర్తిగా పెంచితే శబ్దం తనంత తాను పెరిగి హోరెత్తాలి. పెరగకపోతే లోపల ఏదో బలహీనపడింది.

కొన్నాక పోషణ మరీ కష్టమేమీ కాదు కానీ మరిచిపోకూడదు. హెడ్లను దూదిపుల్లతో, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. కరోనా నాటి శానిటైజర్ సీసాలు ఇంటింటా మిగిలి ఉన్నాయి, వాటితో తుడవొద్దు. వాటిలో సాధారణంగా గ్లిజరిన్ కలుపుతారు, అది హెడ్ మీద పొరలా మిగులుతుంది. కిరోసిన్, కొబ్బరినూనె మాట తలపెట్టకండి. రబ్బరు రోలర్‌కు ఆల్కహాల్ కంటే కాస్త తడిపి పిండిన బట్ట మంచిది. హెడ్లలో చేరిన అయస్కాంతాన్ని తీసే డీమాగ్నటైజర్‌ను యంత్రం ఆఫ్ చేసి, దూరంగా ఉండగానే ఆన్ చేసి, దగ్గరికి తెచ్చి, మళ్ళీ నెమ్మదిగా దూరం తీసుకెళ్ళాకే ఆపాలి.

టేప్ అరిగే వస్తువు, మార్చుకుంటూ ఉండాలి. పాత క్యాసెట్ టేప్ వేద్దామంటారు కొందరు. క్యాసెట్ టేప్ వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, దీనికి కావలసింది 6.35. అతికేటప్పుడు ఏటవాలుగా కోసి, స్ప్లైసింగ్ టేప్‌తోనే అతకాలి. మామూలు సెల్లోటేప్ జిగురు మన మే నెల ఎండకు కారి హెడ్‌కు అంటుకుంటుంది. రోలాండ్‌కు సిద్ధంగా అతికిన చుట్లు దొరుకుతాయి, యంత్రంతో పాటే రెండు మూడు తెప్పించుకోండి. మన దగ్గర యంత్రం ఆగితే విడిభాగం కోసం కాళేశ్వరం వంతెన దాటి హైదరాబాద్ పోవాలి, లేదా నాగపూర్. గడ్చిరోలికే రెండు వందల కిలోమీటర్ల పైమాట, ఆ దారిలో కుదుపులకు సరిగ్గా ఉన్న హెడ్ కూడా కదులుతుంది. తీసుకెళ్ళేటప్పుడు ఒళ్ళో పెట్టుకున్నా తప్పులేదు.

వానాకాలం నదుల మధ్య తేమ టేప్‌కు బూజు పట్టిస్తుంది. పెట్టెలో సిలికాజెల్ సంచులు వేసి, మూత పెట్టి, ఎలుకలకు అందని చోట ఉంచాలి. నెలకోసారి పావుగంట నడపాలి.

ఇక మండళ్ళకు మా అభిప్రాయం: ఘాట్ మీదికి టేప్ యంత్రం వద్దు. అక్కడ దుమ్ము, ఎండ, వోల్టేజి నిలకడలేని జనరేటరు ఉంటాయి. ఎకో ఉన్న మామూలు మిక్సర్ చాలు. స్పేస్ ఎకో ధ్వనే కావాలంటే బాస్ కంపెనీ 2007లో ఆర్‌ఈ-20, 2022లో ఆర్‌ఈ-202 అని టేప్ లేని పెడల్స్ తెచ్చింది. టేప్ యంత్రం ఇంట్లో పాటలు రికార్డు చేసుకునే కుర్రాళ్ళ సొంత డబ్బుకు తగిన వస్తువు, వాళ్ళను మేము ఆపం.

ఏ యంత్రం తెచ్చినా భజనలో ఎకో తగ్గించే ఉంచండి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. ఎకో పొడుగైతే ఆ అచ్చు తర్వాతి మాట మీద పడి కీర్తన అర్థం కాదు, చిడతల దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ప్రకటనల మైకుకు అసలే వద్దు. తప్పిపోయిన పిల్లవాడి పేరు తెలుగులోనూ మరాఠీలోనూ చదివేటప్పుడు తల్లికి ఆ పేరు ఒక్కసారిలో తెలియాలి.

మండలి పేరున కొంటే రసీదు మీద యంత్రం నంబరు, వోల్టేజి, ఏ రోజు ఏ పరీక్ష చేశారో రాయించి, అమ్మినవారి సంతకం తీసుకోండి. స్టాక్ రిజిస్టరులో ట్రాన్స్‌ఫార్మర్‌ను వేరే వస్తువుగా ఎక్కించండి. లేకపోతే రెండేళ్ళలో అది ఎవరి ఇంట్లో ఉందో తేలదు.