పరిహారపు వెండితో పుట్టిన విద్యాపీఠం

బీజింగ్‌లోని సింఘువా విశ్వవిద్యాలయంలో 2016లో తరగతులు మొదలైన ష్వార్జ్‌మన్ స్కాలర్స్ కార్యక్రమం, బోధన రుసుము, వసతి, భోజనం, విమాన ప్రయాణం, ఆరోగ్య బీమా, చేతిఖర్చు సమస్తమూ తానే భరించి, వివిధ దేశాల యువతకు నాయకత్వ శిక్షణతో కూడిన ఏడాది మాస్టర్స్ చదువును అందిస్తోంది. 1902లో మరణించిన సెసిల్ రోడ్స్ వీలునామా ప్రకారం ఆక్స్‌ఫర్డ్‌లో నెలకొన్న రోడ్స్ ఉపకార వేతనమే దీనికి నమూనా అని చెప్పడం పరిపాటి. అయితే పరదేశపు యువతను చదివించి పలుకుబడి సంపాదించాలన్న ఆలోచనకు సింఘువాలోనే అంతకంటే దగ్గరి పూర్వచరిత్ర ఉంది. ఆ విద్యాపీఠం పుట్టుకే ఒక యుద్ధ పరిహారంతో ముడిపడింది.

పందొమ్మిదో శతాబ్దం చివర ఉత్తర చైనా పల్లెల్లో కరవు, నిరుద్యోగం, క్రైస్తవ మిషనరీల పట్ల ఆగ్రహం కలగలిసి ఒక తిరుగుబాటుకు దారితీశాయి. ముష్టియుద్ధ సాధన చేసే ఈ తిరుగుబాటుదారులను పాశ్చాత్యులు బాక్సర్లని పిలిచారు. 1900లో వారు బీజింగ్‌లోని విదేశీ రాయబార కార్యాలయాలను ముట్టడించగా, ఛింగ్ వంశపు రాజదర్బారు వారి పక్షం వహించింది. ఆ ఆగస్టులో ఎనిమిది దేశాల కూటమి సేనలు రాజధానిని ఆక్రమించాయి. అప్పటి బ్రిటిష్ బలగంలో సిక్కు, రాజపుత్ర దళాల భారతీయ సిపాయిలు కూడా ఉన్నారు. 1901 సెప్టెంబరు 7న కుదిరిన ఒప్పందం చైనాపై 45 కోట్ల టేళ్ల వెండిని పరిహారంగా మోపింది. టేల్ అంటే సుమారు 37 గ్రాముల తూకం. ఈ మొత్తాన్ని నాలుగు శాతం వడ్డీతో 39 ఏళ్లలో తీర్చవలసి ఉండగా, వడ్డీతో కలిపి బాకీ 98 కోట్ల టేళ్లు దాటింది.

ఇందులో అమెరికా వాటా సుమారు రెండున్నర కోట్ల డాలర్లు. తమ పౌరులకు, సేనలకు వాస్తవంగా వాటిల్లిన నష్టం కంటే ఇది చాలా ఎక్కువని అమెరికా ప్రభుత్వంలోనే అంగీకారం ఏర్పడటంతో, వాషింగ్టన్‌లోని చైనా రాయబారి లియాంగ్ చెంగ్ ఆ మిగులును తిరిగి రాబట్టేందుకు పట్టుదలతో కృషి చేశాడు. చైనా యువతకు చదువు చెప్పిన దేశానికే రేపటి చైనాలో మేధాపరమైన, వాణిజ్యపరమైన ప్రాబల్యం దక్కుతుందని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఎడ్మండ్ జేమ్స్ 1906లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్‌కు వివరించాడు. 1908లో అమెరికా కాంగ్రెస్ సుమారు కోటీ ఎనిమిది లక్షల డాలర్లను వదులుకోవడానికి ఆమోదం తెలిపింది. చైనా యథావిధిగా వాయిదాలు చెల్లించడం, అమెరికా మిగులును వెనక్కి ఇవ్వడం, ఆ సొమ్ముతో చైనా విద్యార్థులు అమెరికాకు వెళ్లి చదవడం అనే పద్ధతి 1909లో మొదలైంది. దాత ఇచ్చినది నిజానికి గ్రహీత నుంచి తీసుకున్న ధనమే.

ఆ ఏడాది 47 మంది, మరుసటి ఏడాది 70 మంది పరీక్షలో నెగ్గి అమెరికా చేరారు. ఎక్కువ మంది ఇంజనీరింగ్, వ్యవసాయం, గనుల వంటి ప్రయోజనకర శాస్త్రాలు చదవాలన్నది నియమం. వెళ్లేవారికి ముందస్తు శిక్షణనిచ్చేందుకు సింఘువా యువాన్ అనే రాచతోటలో 1911లో ఒక పాఠశాల వెలసింది. 1924లో చైనా వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ కొన్నాళ్లు బస చేసిన ఈ సంస్థ, 1928లో జాతీయ విశ్వవిద్యాలయంగా మారింది.

ఫలితాలు మాత్రం దాత వేసిన లెక్క ప్రకారం రాలేదు. వ్యవసాయం చదవడానికి కార్నెల్ విశ్వవిద్యాలయానికి వెళ్లిన విద్యార్థి హు షి తత్వశాస్త్రానికి మళ్లి, తెలుగునాట గిడుగు రామమూర్తి ఉద్యమం సాగుతున్న రోజుల్లోనే చైనాలో వాడుక భాషా రచనకు అగ్రగామి అయ్యాడు. 1935లో ఇదే ఉపకార వేతనంతో వెళ్లిన చియెన్ శ్యూసెన్ కాలిఫోర్నియాలో రాకెట్ శాస్త్రవేత్తగా ఎదిగాడు. 1950లో కమ్యూనిస్టన్న అనుమానంతో అమెరికా అతణ్ని నిర్బంధంలో ఉంచి, 1955లో స్వదేశానికి పంపగా, అతడు చైనా క్షిపణి, అంతరిక్ష కార్యక్రమాలకు పునాది వేశాడు.

శతాబ్దం తిరిగేసరికి ప్రయాణ దిశ మారింది. బ్లాక్‌స్టోన్ పెట్టుబడి సంస్థ సహవ్యవస్థాపకుడు స్టీఫెన్ ష్వార్జ్‌మన్ 2013 ఏప్రిల్‌లో తన పేరిటి స్కాలర్స్ కార్యక్రమానికి సొంతంగా 10 కోట్ల డాలర్లు ప్రకటించి, మిగతా నిధిని ఇతర దాతలనుంచి సమీకరించాడు. షీ జిన్‌పింగ్, బరాక్ ఒబామా ఇద్దరూ అభినందన లేఖలు పంపారు. అమెరికా వాస్తుశిల్పి రాబర్ట్ స్టెర్న్ రూపొందించిన ప్రాంగణంలో, చైనీయులతో పాటు అమెరికా, భారత్ సహా ఇతర దేశాలవారు కలిసి నివసిస్తూ, ఆంగ్ల మాధ్యమంలో ప్రపంచ వ్యవహారాలు అభ్యసిస్తారు. పెకింగ్ విశ్వవిద్యాలయం 2015లో ఆరంభించిన యెన్‌చింగ్ అకాడమీ ఇదే కోవకు చెందినది.

ధనం ఇప్పటికీ ప్రధానంగా వెలుపలి నుంచే వస్తున్నా, ఆతిథ్యం మాత్రం చైనాది. వీసా ఎవరికి ఇవ్వాలో, ప్రాంగణంలో చర్చకు ఎంత అవకాశం ఉండాలో నిర్ణయించే అధికారమూ ఆ రాజ్యానిదే. కనుక ఈ కార్యక్రమం అమెరికా ప్రాబల్యాన్ని పెంచుతుందా, చైనా ప్రాబల్యాన్ని పెంచుతుందా అనే వాదన రెండు దేశాల్లోనూ సహజమే. అయితే 1909 తరం చెప్పే పాఠం వేరు: ఎవరిని చదివించాలో దాత ఎంచుకోగలడు, ఏమి బోధించాలో సంస్థ నిర్ణయించగలదు, ఆ చదువును ఎవరి కోసం వినియోగించాలో మాత్రం చివరకు విద్యార్థీ, అతని కాలమూ తేలుస్తాయి.