సైమను బహిష్కారము – ప్రకాశం పంతులుగారు

ప్రకాశం పంతులుగారు తుపాకికి గుండె చూపిన కథ ఆంధ్రదేశమున పసిపిల్లలకు సైతము తెలియును. ఆ కథను చెప్పువారు ఆయన ధైర్యమును కొనియాడి ముగింతురు. ఆ దినమున ఆయన ఏ పనిమీద ఆ తుపాకివద్దకు పోయిరో, అచ్చట ఏమి కోరిరో తలచువారు తక్కువ. ఆ కోరికయే ఈ కథకు ప్రాణము.

భారతదేశమునకు ఎట్టి రాజ్యాంగ సంస్కరణలు ఈయవలెనో విచారించుటకై 1927 నవంబరులో బ్రిటిషు ప్రభుత్వము సర్ జాన్ సైమను అధ్యక్షతన ఏడుగురు సభ్యుల సంఘమును నియమించెను. అందు ఒక్క భారతీయుడైన లేడు. ఇంటివారిని వాకిట నిలిపి ఇంటి లెక్కలు పరులు చూచినట్లున్నదని దేశము కోపించెను. ఆ డిసెంబరులో డాక్టరు అన్సారీ అధ్యక్షతన చెన్నపట్నమున కూడిన కాంగ్రెసు మహాసభ ఆ సంఘమును బహిష్కరింప తీర్మానించెను. 1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను సంఘము బొంబాయి రేవున దిగెను. ఆనాడు దేశమంతట హర్తాళము జరిగెను. నల్లజెండాలు లేచెను. సైమనును వెనుకకు పొమ్మను కేక ఊరూర మ్రోగెను.

చెన్నపట్నమునను అంగళ్లు మూతపడెను. హైకోర్టు పరిసరములందు జనము క్రిక్కిరిసిరి. అలజడి రేగెను. పోలీసులు తుపాకులు పేల్చిరి. ఒక మనుష్యుడు ప్రాణము విడిచెను.

ప్రకాశంగారికి అప్పటికి ఏబదియైదేండ్లు. బారిష్టరుగా వేలకు వేలు గడించి, 1921లో ఆ వృత్తిని విడిచి, స్వరాజ్య పత్రికను నెలకొల్పి, గడించినదంతయు దానికే ధారపోసినవారు. 1926 ఎన్నికలలో గెలిచి కేంద్ర శాసనసభలో సభ్యులుగా నుండిరి. కాల్పుల వార్త విని ఆయన వచ్చి, చనిపోయినవానిని చూడవలెనని కోరిరి. కోరినది అంతియే. సాయుధులైన పోలీసులు అడ్డగించి, ముందునకు వచ్చినచో కాల్తుమనిరి. పంతులుగారు చొక్కా విప్పి రొమ్ము చూపి, కాల్చుకొమ్మని నిలిచిరి. ప్రక్కనున్న మహమ్మదీయుడొకడు ఆయన ఎవరో ఎరుగుదురా యని పోలీసులను హెచ్చరించెను. తుపాకులు దిగెను. దారి విడిచిరి. ప్రజలు ఆయనను ఆంధ్రకేసరి యని పిలిచిరి.

చనిపోయినవానిని చూచినంత మాత్రమున వాడు బ్రతికి రాడు. అట్లయిన ఆ చూపునకై ప్రాణమొడ్డుట ఎందుకు? కాల్పులు జరిగిన పిమ్మట ఎల్లప్పుడు రెండు కథలు పుట్టును. ఒకటి కాల్చినవారిది, రెండవది కాల్పులకు గురియైనవారిది. మొదటి కథకు కచ్చేరియు, కాగితమును, ముద్రయు నుండును. రెండవదానికి ఏడ్పు తప్ప వేరు ఆధారముండదు. శవమును దాచినచో ఆ ఏడ్పును వదంతి యనవచ్చును. పత్రికయు, శాసనసభలో స్థానమును గల పెద్ద మనిషి కన్నులార చూచిన పిమ్మట అట్లనుట సులభము కాదు. ఒకడు పత్రిక చదువగా పదిమంది వినెడి ఆ కాలమున ఆయన చూచినది ఊరూర తెలియును.

ఇట్టి సాక్ష్యమునకు గల విలువను దేశము అంతకు తొమ్మిదేండ్ల ముందే పంజాబులో నేర్చికొనెను. 1919 ఏప్రిల్ 13న అమృతసరమున జలియన్‌వాలా బాగులో జనరల్ డయ్యరు సైనికులు 1650 గుండ్లు కాల్చిరి. 379 మంది చనిపోయిరని ప్రభుత్వము చెప్పెను. వేయిమందికి తక్కువ లేరని ప్రజలనిరి. రాత్రివేళ వీధిలోనికి రాగూడదను ఆజ్ఞ యుండుటచే గాయపడినవారిలో ననేకులు దప్పికతో అచ్చటనే పడియుండిరి. సైనికశాసనము విధింపబడగా వార్త బయటకు పొక్కుటయే కష్టమయ్యెను. వైస్రాయి కార్యనిర్వాహక సభలో ఏకైక భారతీయ సభ్యుడైన సర్ శంకరన్ నాయరు పంజాబు దురంతములకు నిరసనగా రాజీనామా చేసిరి. గాంధీ, చిత్తరంజన దాసు, అబ్బాస్ త్యాబ్జీ, జయకరు గార్లు ఊరూర తిరిగి వందలకొలది జనుల వాఙ్మూలములు వ్రాసికొని 1920లో నివేదికను ప్రకటించిరి. ఒకరు పదవి విడుచుట, మరికొందరు సాక్ష్యము సేకరించుట – దారులు వేరైనను ఉద్దేశము ఒక్కటియే. జరిగినది మరుగున పడరాదు.

సైమను సంఘము మరల తిరిగిన 1928 చివర నాయకుల ఒంటిమీదనే దెబ్బలు పడెను. అక్టోబరు 30న లాహోరులో లాలా లజపతిరాయిగారు లాఠీదెబ్బలు తినిరి. నవంబరు 17న పరమపదించిరి. ఆ నెలలోనే లక్నోలో జవహర్‌లాల్ నెహ్రూ, గోవింద వల్లభ పంతుగార్లు దెబ్బలకు గురియైరి. నాయకుడు వీధిలో జనులతో కలిసి నిలిచినపుడు, పోలీసుల నడవడికి ఆయన దేహమే సాక్ష్యమయ్యెను.

పరుల ప్రభుత్వమున ఈ ధర్మము స్పష్టముగా నుండెను. స్వజనుల ప్రభుత్వమున అది కఠినమైనది. 1946 ఏప్రిలులో ప్రకాశంగారే చెన్నరాజధానికి ప్రధానమంత్రి అయిరి. ఆ సెప్టెంబరులో తిరుచిరాపల్లి చెంత పొన్మలైలో సమ్మె చేయుచున్న రైల్వే కార్మికులపై సాయుధ పోలీసులు కాల్పులు జరిపిరి. కార్మికులు మరణించిరి. 1928లో తుపాకికి ఎదుట నిలిచిన మహనీయుని ప్రభుత్వమే ఇప్పుడు తుపాకి పట్టినవారిపై అధికారము గలదై యుండెను. దీనిని చెప్పుట ఆయన త్యాగమును తగ్గించుట కాదు. ఆయనవంటివాడు పీఠముపై నున్నపుడు సైతము ఇట్టి దినము వచ్చినదన్నచో, పాలకుని మంచితనము ఒక్కటియే ప్రజలకు చాలిన రక్ష కాదని తెలియుచున్నది. చూడవచ్చినవానికి దారి విడుచుట ఒకరి దయ కారాదు, నియమము కావలెను.

1957 మే 20న ప్రకాశంగారు కన్నుమూసిరి. ఒంగోలు జిల్లా 1972 నుండి ఆయన పేర వెలసినది. ఊరూర ఆయన విగ్రహములున్నవి. ఆనాడు తుపాకి దించిన పోలీసుల పేర్లు మాత్రము ఎవరికిని తెలియవు. వారును ఏదో యొక ఊరి రైతుబిడ్డలే యై యుందురు. నాయకుడు వెనుకకు అడుగిడలేదు. పోలీసు మీట నొక్కలేదు. అందుచేత నొకని మరణము సాక్షి లేకుండ పోలేదు. హర్తాళములు, ఊరేగింపులు జరిగిన ప్రతిచోట ప్రజలు తమ ప్రతినిధులను అడుగవలసిన ప్రశ్న అచ్చటనే పుట్టినది: దెబ్బ తగిలిన వీధికి పోయి చూచితిరా?