పదును తూచిన త్రాసు

కొండగట్టు నీడనున్న మల్యాల చెల్కలలో తొలకరి కురిసి వెలిసిన మరునాటి యుదయమున రైతు చేయు మొదటి పని యరక కట్టుట కాదు. జానెడు లోతునుండి పిడికెడు మన్ను తీసి, బిగించి, విప్పి, ముద్ద నిలిచినదో విరిగినదో చూచి పదును తెలిసికొనుట. ఈ పిడికిటి యెరుకను త్రాసునకెక్కించుటకు శాస్త్రమునకు సుమారు మూడు శతాబ్దులు పట్టినది.

బ్రస్సెల్స్ వాసియైన వాన్ హెల్మాంట్, పొయ్యిలో నారబెట్టిన 200 పౌండ్ల మట్టిని కుండీకెత్తి, 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, అయిదేండ్లు నీరు మాత్రమే పోయగా చెట్టు 169 పౌండ్లు దాటెను. మట్టి తరిగినది 2 ఔన్సులే. చెట్టంతయు నీటినుండియే పుట్టెనని యాతడు తలచుట పొరపాటేయైనను, 1648లో మరణానంతరము వెలువడిన యీ వృత్తాంతము, మట్టిని ముందెండబెట్టి తూచు మార్గమును చూపెను.

1724లో ఇంగ్లండునందు స్టీఫెన్ హేల్స్ అను మతగురువు, పొద్దుతిరుగుడు మొక్కయున్న కుండీ మూతిని సీసపు రేకుతో కప్పి, ఉదయసాయంకాలములు తూచుచు, పగటి పండ్రెండు గంటలలో సగటున 1 పౌండు 4 ఔన్సుల నీరు ఆకులనుండి యావిరియగుచున్నదని కనుగొనెను. మొక్కను కోసి, మొదలు మూసి, మట్టికుండీ తానుగా నెంత చెమ్మ విడుచునో వేరుగా తూచి, అట్లు తేలిన 2 ఔన్సులను మినహాయించిన యాతని నిజాయితీ నేటి పరిశోధకునకును ఆదర్శప్రాయము.

మన దేశమున పూసా పరిశోధనశాలలో వాల్టర్ లెదర్ అను శాస్త్రజ్ఞుడు కుండీలలో పైరులు పెంచి, ఒక పాలు ఎండు పంటకు ఎన్ని పాళ్ళ నీరు వలయునో 1910, 1911లలో ప్రకటించెను.

నేటి పద్ధతియు తూనికయే. మట్టి నమూనాను 105 డిగ్రీల సెల్సియస్ వేడిలో తూకము నిలుకడగు వరకు ఎండించి తేమ శాతమును కట్టుదురు. కుండీలో ఎండుమన్ను 10 కిలోలు, కారవలసిన నీరు కారిపోగా అది పట్టియుంచు తేమ 24 శాతమనుకొందము; నిండు తడి 2,400 గ్రాములు, అందు 60 శాతము నిలుపదలచినచో 1,440 గ్రాములు. ఖాళీ కుండీ 600 గ్రాములైనచో లక్ష్యము 12,040 గ్రాములు. సాయంకాలము త్రాసు 11,700 చూపినచో పోయవలసినది 340 మిల్లీలీటర్లు. మొక్క పెరిగినకొలది దాని బరువును లక్ష్యమునకు కలుపవలెను. లేనిచో ఏపుగా పెరిగిన మొక్కకే నీరు తగ్గించిన వారమగుదుము. అన్ని కుండీలకు చెంబెడేసి పోయుట సమానమువలె తోచును గాని, త్రాగెడి మొక్కలు సమానము కావు.

అయితే త్రాసునకును ఒక హద్దు గలదు. 1912లో అమెరికాయందు బ్రిగ్స్, షాంట్జ్ అను శాస్త్రజ్ఞులు, మైనముతో మూసిన పాత్రలలో మొలకలు పెంచి, అవి వాడునప్పటికి మట్టిలో మిగిలిన తేమ ఇసుకనేలయందు స్వల్పము, బంకనేలయందు అధికమని నిరూపించిరి. ఎర్ర చెల్కలో పచ్చగా నిలుపు తేమ శాతమే నల్లరేగడిలో మొక్కను వాడ్చును. రేగడి నీటిని బిగబట్టుకొనును. నేలలో ఎంత నీరున్నదను ప్రశ్న వేరు, వేరునకెంత అందునను ప్రశ్న వేరు.

పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో పొడుగుపాటి గొట్టములయందు పైరులు పెంచి, వాటిని లేపి తూచుచు, కరవునకోర్చు వంగడములను వెదకుచున్నది ఈ రెండవ ప్రశ్నకు సమాధానము కొరకే. ముద్దను విరిచి చూచు మల్యాల రైతు వ్రేళ్ళు అడుగుచున్నదియు అదియే: నేల తన నీటిని విడుచునా, విడువదా యని.