నీటి అడుగున పాతబాకీ

ఆడవాళ్ళ ఫ్యాషన్లను వెక్కిరించడం ఏ దేశంలోనైనా మగవాళ్ళకు సరదాయే. అలాంటి వెక్కిరింత ఒకటి ఏకంగా వైద్య గ్రంథాల్లోకి ఎక్కి కూర్చుందంటే నమ్ముతారా? 1860ల చివర అమెరికాలో షోకిలా స్త్రీలు నడుం బిగించి, వెనకాల గౌను ఎత్తుగా పెట్టి, ఎత్తుమడమల జోళ్ళతో ముందుకు వంగి నడిచేవారట. ఆ వంపుకి 'గ్రీషియన్ బెండ్' అని పేరు. అదే రోజుల్లో సెయింట్ లూయిస్ నగరంలో మిసిసిపీ నది మీద పెద్ద వంతెన కడుతున్నారు. నది అడుగున పునాదులు తవ్వే కూలీలు పైకి వచ్చాక కీళ్ళ నొప్పులతో నిటారుగా నిలబడలేక వంగిపోయి నడుస్తుంటే, తోటివాళ్ళు "అబ్బో, దొరసాని నడక!" అని నవ్వారు. నవ్వినవాళ్ళూ తర్వాత వంగారు. పది మందికి పైగా ప్రాణాలే పోయాయి. 'బెండ్స్' అనే పేరు మాత్రం మిగిలింది. ఈనాటికీ సముద్రంలో మునిగేవాళ్ళని భయపెట్టే జబ్బు పేరు అదే.

ఇంతకీ ఆ జబ్బేమిటి? నది అడుగున బోర్లించిన పెద్ద పెట్టెలోకి నీరు రాకుండా గాలిని గట్టిగా దట్టించేవారు. కూలీలు ఆ గాలి పీలుస్తూ తవ్వేవారు. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు 21 శాతమే, 78 శాతం నత్రజని. మామూలుగా ఈ నత్రజని మన జోలికి రాదు, వచ్చిన దారినే పోతుంది. కానీ ఒత్తిడి పెరిగితే రక్తంలోకి, కండలోకి, కొవ్వులోకి ఇంకుతుంది. గోలీసోడా కొట్టగానే బుస్సుమని పొంగడం చూశాం కదా! మనిషి లోతునుంచి గబుక్కున పైకి వస్తే ఒంట్లో జరిగేది అదే. ఆ బుడగలు కీళ్ళలో చేరితే నొప్పి, వెన్నుపాములో చేరితే పక్షవాతం. ఈ సంగతి తేల్చి చెప్పినవాడు ఫ్రాన్సు దేశపు పాల్ బేర్, 1878లో.

ఆయన చెప్పేసరికే న్యూయార్కులో ఒక ఇల్లు అతలాకుతలమైంది. బ్రూక్లిన్ వంతెన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ 1872లో ఈ జబ్బుతోనే మంచాన పడ్డాడు. భార్య ఎమిలీ గణితమూ ఇంజనీరింగూ ఇంట్లోనే నేర్చుకుని, మొగుడి మాటలు పనివాళ్ళకీ, పనివాళ్ళ సందేహాలు మొగుడికీ చేరవేస్తూ పదేళ్ళకు పైగా పని నడిపింది. 1883లో వంతెన తెరిచారు. ఎమిలీ కథ ఒక్కటే ఒక నవలకి సరిపోతుంది గానీ, ఇవాళ నా దృష్టి ఆమెను అంత కష్టపెట్టిన ఆ గాలి మీద ఉంది.

నేను చదివింది బి.ఏ. చరిత్ర. ప్రయోగశాల గుమ్మం తొక్కినదాన్ని కాదు. అయినా జాన్ స్కాట్ హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1908లో ప్రకటించిన లెక్క నాకు చప్పున అర్థమైంది. దానికి కారణం వంటిల్లే. పెసలూ శనగలూ ఒకే గిన్నెలో నానబోయండి. పెసలు త్వరగా నానతాయి, శనగలకు రాత్రంతా కావాలి. ఒళ్ళూ అంతేనన్నాడాయన. రక్తం బాగా పారే భాగాలు నత్రజనిని నిమిషాల్లో పీల్చుకుని నిమిషాల్లో వదిలేస్తాయి. కొవ్వులాంటివి నిదానంగా పీల్చి, నిదానంగానే వదులుతాయి. అందుకని ఒక్కసారి పైకి రాకుండా, మధ్యమధ్య ఆగుతూ రమ్మన్నాడు. మేకలను గాలి దట్టించిన గదిలో ఉంచి ఈ లెక్క కట్టాడు. నొప్పి పుట్టిన మేక ముందరికాలు ఎత్తి నిలబడేది. పాపం, నోరులేని జీవం అంతకన్నా ఏం చెబుతుంది!

ఆ లెక్కలో ఇంకో సంగతి దాగి ఉంది. ఒకసారి మునిగి పైకి వచ్చి, పడవలో కాఫీ తాగి, మళ్ళీ మునిగితే? శనగల్లో పొద్దుటి తడి ఇంకా ఆరలేదు. పాతబాకీ తీరకుండానే కొత్త అప్పు! దక్షిణ పసిఫిక్ లో తుయామోతు దీవుల ముత్యపుచిప్పల గజ ఈతగాళ్ళకు సిలిండర్లూ లేవు, యంత్రాలూ లేవు. ఊపిరి బిగపట్టి 30 మీటర్లూ, ఇంకా లోతుకూ రోజంతా మునిగేవారు. సాయంత్రానికి కొందరికి కళ్ళు తిరిగేవి, కొందరికి కాళ్ళు పడిపోయేవి, కొందరికి మతి చెదిరేది. దాన్ని వాళ్ళు 'తారవానా' అన్నారు. అక్కడికి దూరంలోని మంగరేవా దీవిలో మాత్రం ఆ బెడద లేదు. కారణం? వాళ్ళు మునక మునకకీ మధ్య 12 నుంచి 15 నిమిషాలు తీరిగ్గా కూర్చునేవారు. అంతే తేడా! 1965లో ఇది శాస్త్ర గ్రంథాల్లోకీ ఎక్కింది. మంగరేవా వాళ్ళకి ఏ లెక్కలూ రావు, కానీ కూర్చోవడం వచ్చు.

లెక్కలు వచ్చిన అమెరికా నౌకాదళం 1950ల చివర పట్టికలు వేసింది. మొదటి మునక తర్వాత ఒంట్లో ఎంత నత్రజని మిగిలిందో, పైన ఎంతసేపు ఉంటే ఎంత తగ్గుతుందో అక్షరాల గుర్తులతో చూపించింది. పూర్తిగా బాకీ తీరడానికి ఆ పట్టిక ప్రకారం 12 గంటలు. మరి రోజుకు మూడు నాలుగుసార్లు మునగాల్సినవాళ్ళ గతి? అసలు పీల్చే గాలిలోనే నత్రజని తగ్గిస్తే పోలేదా అన్నారు. అమెరికా ప్రభుత్వ సముద్ర పరిశోధన సంస్థ 'నోవా'లో మోర్గాన్ వెల్స్ 1970ల చివర 32 శాతం ప్రాణవాయువు కలిపిన గాలికి పట్టికలు తయారుచేశాడు. దాని పేరు నైట్రాక్స్. తేడా చూడండి: 60 అడుగుల లోతులో మామూలు గాలితో ఆనాటి పట్టిక ఇచ్చిన గడువు 60 నిమిషాలు, ఈ గాలితో 100 నిమిషాలు. అదే సంస్థలో పనిచేసి దిగిన డిక్ రట్కౌస్కీ 1985 నుంచి దీన్ని సరదాకి మునిగేవాళ్ళకు నేర్పడం మొదలుపెట్టాడు. వెంటనే గగ్గోలు! 'దెయ్యపు గాలి' అన్నారు. 1991లో డైవింగ్ వ్యాపారుల పెద్ద ప్రదర్శనలో నైట్రాక్స్ నేర్పేవాళ్ళకు చోటే లేదు పొమ్మన్నారు. అయిదారేళ్ళు తిరిగేసరికి పెద్ద పెద్ద శిక్షణ సంస్థలన్నీ తామే నేర్పసాగాయి. కొత్త కోడలికి జరిగినట్టే జరిగింది దానికీ.

అయితే ఆ భయం ఉత్తది కాదు. ప్రాణవాయువు ప్రాణం నిలిపేదే గానీ, ఒత్తిడిలో ఎక్కువైతే ఫిట్స్ తెప్పిస్తుంది. ఇదీ పాల్ బేర్ చెప్పినదే. నీళ్ళలో ఫిట్స్ వస్తే నోట్లోని గొట్టం జారిపోతుంది, ఇంక చెప్పేదేముంది? హాల్డేన్ గారి కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్ దీన్ని తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. 1939లో 'థేటిస్' జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయాక, లండన్ లో ఉక్కుగదుల్లో కూర్చుని ఈ ప్రయోగాలు సాగించాడు. ఒకసారి వచ్చిన ఫిట్సులో ఆయన వెన్నుపూసలు నలిగిపోయాయి. తర్వాత ఆయన భార్య అయిన హెలెన్ స్పర్వే కూడా ఆ గదుల్లో కూర్చున్నదే. ఆమె పేరు ఎంతమంది తలుస్తారంటారు? అన్నట్టు, ఈ హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్ లో కన్నుమూశాడు. తన దేహాన్ని వైద్య విద్యార్థులకు ఇమ్మని రాసి పెట్టాడు. ఆ దేహం చేరింది ఎక్కడికనుకున్నారు? మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి!

ఈ రోజుల్లో మన పిల్లలు అండమాన్ వెళ్ళి, రోజుకు రెండుసార్లు, మూడుసార్లు మునిగి వస్తున్నారు. వాళ్ళలో నైట్రాక్స్ నేర్చుకున్నవాళ్ళు ఏ గాలి ఎంచుకోవాలన్నప్పుడు ఈ రెండు పద్దులూ చూడాలి. లోతు పెరిగే కొద్దీ ప్రాణవాయువు ఒత్తిడి పెరుగుతుంది గనుక, ఆ రోజు వెళ్ళబోయే అన్నిటికన్నా ఎక్కువ లోతును బట్టి గాలి నిర్ణయమవుతుంది. 32 శాతానికి మామూలుగా పెట్టుకునే హద్దు 33 మీటర్లు, 36 శాతానికి 29. లోతు తక్కువైన రెండో మునకకి 36 తీసుకుంటే నత్రజని బాకీ ఇంకాస్త తగ్గుతుంది, నిజమే. కానీ ఒకే పడవలో రెండు రకాల సిలిండర్లుంటే, ఒకరిది ఒకరు తగిలించుకునే ప్రమాదం ఉంది. నన్నడిగితే రోజంతా ఒకే రకం మేలు. ప్రాణవాయువుకీ రోజువారీ పద్దు ఉంది మరి: ఆ హద్దు లోతులోనే ఉంటే 24 గంటల్లో మొత్తం 180 నిమిషాలు దాటకూడదని నోవా పట్టిక. మరీ లోతుకు వెళ్ళేవాళ్ళు హీలియం కలుపుకుంటారు గానీ, ఆ ఖర్చూ ఆ తతంగమూ మామూలు వాళ్ళకు అక్కర్లేదు.

నాకు నచ్చిన జాగ్రత్త ఇంకొకటి ఉంది. కొందరు అనుభవజ్ఞులు నైట్రాక్స్ పీలుస్తూనే, కాలం మాత్రం మామూలు గాలి పట్టిక ప్రకారమే లెక్కపెట్టుకుంటారు. జీతం పెరిగినా పాత ఖర్చుతోనే ఇల్లు గడిపే ఇల్లాలి తెలివి అది. సిలిండర్లో ఎంత శాతం ఉందో ఎవరి సిలిండర్ వాళ్ళే చిన్న యంత్రంతో కొలిచి, ఆ అంకె, దిగదగిన లోతు, తమ సంతకం దాని మీద అంటించాలి. దుకాణంవాడు చెప్పాడు కదా అని ఊరుకోకూడదు. ఇక చివరి రోజు మూడు మునకలు వేసి, అదే సాయంత్రం చెన్నై విమానం ఎక్కేద్దామనుకుంటే కుదరదు. విమానంలో ఒత్తిడి తక్కువ, సోడా మూత మళ్ళీ కొంచెం తీసినట్టే. పలుమార్లు మునిగినవాళ్ళు కనీసం 18 గంటలు నేల మీద ఉండాలంటారు. ఆ ఒక్క రాత్రికీ హోటలు గది ముందుగానే మాట్లాడిపెట్టుకోమనండి.